కొత్త ల్యాప్‌టాప్‌కి ర్యామ్: సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లాలా, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలా, కంపెనీ చేతే వేయించాలా?

పోయిన ఏడాది కౌన్సెలింగ్ అయిపోగానే మా అక్క వాళ్లు కూతురికి ల్యాప్‌టాప్ కొన్నారు. 8 జీబీ ర్యామ్‌ది. షోరూమ్ కుర్రాడు “తర్వాత పెంచుకోవచ్చు మేడమ్” అన్నాడని అక్క నిశ్చింతగా ఉంది. మూడు వారాలు తిరక్కుండానే ఆ పిల్ల దగ్గర్నుంచి ఫోన్. “పిన్నీ, ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి పక్కన క్రోమ్ పెడితే మౌస్ కూడా కదలట్లేదు. ఆన్‌లైన్‌లో 16 జీబీ ర్యామ్ చూశాను, ఆర్డర్ పెట్టేయనా?” (ఆండ్రాయిడ్ స్టూడియో అంటే ఫోన్ యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్.)

వద్దు, ఒక్కరోజు ఆగు అన్నాను. ఆపడానికి నాకో కారణం ఉంది. కొన్నేళ్ల కింద నా ల్యాప్‌టాప్‌కి ఒక చిన్న షాపులో బిల్లు లేకుండా ర్యామ్ వేయించుకున్నాను. 18 శాతం జీఎస్టీ మిగులుతుంది కదా అనుకున్నాను. ఎనిమిది నెలలు బాగానే నడిచింది. ఆ తర్వాత ఆఫీసు కాల్ మధ్యలో మెషీన్ ఆగిపోయి నీలి తెర రావడం మొదలైంది. ర్యామ్ తీసి పట్టుకెళ్తే షాపతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది మా దగ్గర కొన్నదే అనడానికి ఏముంది మేడమ్?” అని అడిగాడు. నా దగ్గర ఏమీ లేదు. మళ్లీ పూర్తి ధర పెట్టి ఇంకోటి కొన్నాను.

అప్పట్నుంచి ర్యామ్ గురించి ఎవరు అడిగినా ధర కంటే ముందు ఒకటే అడుగుతాను: అది మెషీన్‌లో పడకపోతే, రేపు పాడైతే, వెనక్కి తీసుకునేది ఎవరు?

దేన్ని బట్టి ఎంచుకోవాలి

నేను చూసేవి ఐదు. మొదటిది, ఆ ర్యామ్ మీ మెషీన్‌లో కచ్చితంగా పడుతుందన్న భరోసా. రెండోది, పడకపోతే మార్చుకోవడం ఎంత తేలిక. మూడోది వారంటీ, అది కంపెనీదా షాపుదా అన్నది. నాలుగోది, ల్యాప్‌టాప్ విప్పి బిగించేది ఎవరు. ధర ఐదోది. దాన్ని కావాలనే చివర పెట్టాను, ఎందుకంటే మొదటి నాలుగూ తేలకుండా రెండు చోట్ల ధరలు పోల్చి చూడటంలో అర్థం లేదు.

కొనేముందు మెషీన్‌లో ఏముందో చూడండి

విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కండి. కుడివైపు కింద స్పీడ్, స్లాట్స్ యూజ్డ్ (ర్యామ్ పెట్టే గాళ్లలో ఎన్ని వాడుకలో ఉన్నాయో), ఫామ్ ఫ్యాక్టర్ కనిపిస్తాయి. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర ‘ఎస్ఓడిమ్’ అని ఉంటే విడిగా ఊడదీయగల ర్యామ్. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే చిప్పులు బోర్డుకే అతికించి ఉన్నాయని. స్లాట్ల లెక్క ఒక్కోసారి తప్పు చూపిస్తుంది కాబట్టి దాన్నే నమ్ముకోకండి. మీ మోడల్ నంబరుతో డెల్ సర్వీస్ మాన్యువల్, హెచ్‌పీ మెయింటెనెన్స్ అండ్ సర్వీస్ గైడ్, లెనోవో పీఎస్‌రెఫ్ పేజీ ఉచితంగా దొరుకుతాయి. స్లాట్లెన్ని, గరిష్ఠంగా ఎంత పడుతుంది అన్నవి వాటిలో రాసి ఉంటాయి.

ఇక్కడే కొందరికి కథ ముగిసిపోతుంది. 2020 నుంచి వస్తున్న ఎమ్ సిరీస్ మ్యాక్‌బుక్‌లలో ర్యామ్ పెంచడం కుదరదు. ఇంటెల్ కోర్ అల్ట్రా 200వీ చిప్పున్న ల్యాప్‌టాప్‌లలో మెమరీ ప్రాసెసర్ ప్యాకేజీలోనే కలిసి ఉంటుంది, అదీ 16 లేదా 32 జీబీ మాత్రమే. ఎల్‌పీడీడీఆర్5 అని రాసి ఉన్న పల్చటి మోడళ్లలో దాదాపు అన్నీ అంతే. వీటికి కొన్నరోజున ఎంతుంటే జీవితాంతం అంతే.

మిగతావాళ్లు రెండు రకాలు. గేమింగ్ ల్యాప్‌టాప్‌లు, కాస్త మందంగా ఉండే మోడళ్లలో చాలావరకు రెండు స్లాట్లుంటాయి. మధ్య రేంజి వాటిలో 8 జీబీ బోర్డు మీదే ఉండి, పక్కన ఒక స్లాటు ఖాళీగా ఉండటం మామూలు. మా పిల్లది ఈ రెండో రకం. 8కి 8 కలిపితే రెండు ఛానెళ్లూ (ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య దారులు) సమంగా పనిచేస్తాయి. 8కి 16 కలిపితే 24 అవుతుంది, కానీ 16 వరకే రెండు ఛానెళ్ల వేగం, మిగిలిన 8 ఒక్క ఛానెల్‌తో నడుస్తుంది. దానికి భయపడక్కర్లేదు. ఎమ్యులేటర్‌తో (కంప్యూటర్‌లోనే ఫోన్‌లా నడిచే ప్రోగ్రామ్) కలిపి వాడాలంటే కనీసం 16 ఉండాలని ఆండ్రాయిడ్ స్టూడియో వాళ్లే చెబుతున్నారు కాబట్టి 24 ఉంటే నాలుగేళ్లు ఇబ్బంది ఉండదని నేను 16 వేయించమన్నాను.

ర్యామ్ తరం కూడా చూసుకోవాలి, డీడీఆర్4 పాతది, డీడీఆర్5 దాని తర్వాతది. ల్యాప్‌టాప్ డీడీఆర్4 ముక్కకి 260 పిన్నులు, డీడీఆర్5కి 262. మధ్యలో ఉండే గాటు వేరే చోట ఉంటుంది కాబట్టి ఒకదాని స్లాటులో ఇంకోటి కూర్చోదు. స్పీడు సంగతి అంత కఠినం కాదు. 4800 ఉన్నచోట 5600ది వేసినా పనిచేస్తుంది, రెండిట్లో తక్కువ దాని వేగానికి దిగి నడుస్తుంది. అందుకని ఎక్కువ స్పీడుకి ఎక్కువ డబ్బు పెట్టడం దండగ.

కొనేటప్పుడే ఎక్కువ ర్యామ్ ఉన్న మోడల్ తీసుకోవడం

ఇంకా ల్యాప్‌టాప్ కొననివాళ్ల కోసం ఇది. “తక్కువ ర్యామ్‌ది తీసుకుని తర్వాత బయట వేయించుకో, కంపెనీ వాడు దానికి డబల్ తీసుకుంటాడు” అని ఏళ్ల తరబడి అందరం చెప్పుకున్నాం. నేనూ చెప్పాను. 2025 చివర్నుంచి ఆ లెక్క తప్పింది. శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలే ప్రపంచంలో మెమరీ చిప్పుల్లో అత్యధిక భాగం తయారుచేస్తాయి. వాళ్లు ఏఐ సర్వర్లకి వాడే ఖరీదైన మెమరీ వైపు మళ్లడంతో మనం వాడే ర్యామ్ ధర విపరీతంగా పెరిగింది. మా పిల్లకి వేయించినప్పటి రేటుకీ ఇప్పటి రేటుకీ పొంతనే లేదు.

కాబట్టి షోరూమ్‌లో నిలబడే ఒక లెక్క వేసుకోండి. 8 జీబీ మోడల్‌కీ 16 జీబీ మోడల్‌కీ తేడా ఎంత? అదే 8 జీబీ ముక్క బయట ఈరోజు ఎంత? మొదటిది తక్కువైనా, కాస్త అటూఇటుగా ఉన్నా పెద్ద మోడలే తీసుకోండి. మొత్తానికీ ఒకే వారంటీ, విప్పే పని లేదు. అతికించిన ర్యామ్ ఉన్న మోడలైతే లెక్క కూడా అక్కర్లేదు, అప్పుచేసైనా 16 తీసుకోండి.

కంపెనీ సర్వీస్ సెంటర్

పడుతుందా లేదా అన్న బెంగ ఇక్కడ ఉండదు. వాళ్లే తెప్పించి, వాళ్లే బిగించి, మెషీన్ రికార్డులో రాసుకుంటారు. నేను విచారించిన రెండు చోట్లా ధర బయటికంటే బాగా ఎక్కువ చెప్పారు, పార్టు రావడానికి వారం పైనే పడుతుందన్నారు. మూడేళ్ల ఆన్‌సైట్ (ఇంటికొచ్చి బాగుచేసే) వారంటీ డబ్బుపెట్టి కొనుక్కున్నవాళ్లకీ, విప్పితే ఏమవుతుందోనని నిద్రపట్టనివాళ్లకీ ఇది సరైన దారే. మిగతావాళ్లు ఒక్క ఫోన్ చేసి, “బయట ర్యామ్ వేయిస్తే వారంటీ ఉంటుందా?” అని అడిగి, వీలైతే జవాబు మెయిల్‌లో తెప్పించుకుంటే చాలు. ర్యామ్ మార్చినంత మాత్రాన వారంటీ పోదని చాలా కంపెనీలు చెబుతాయి, విప్పేటప్పుడు విరిగినదానికి మాత్రం బాధ్యత తీసుకోవు.

సీటీసీ

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ని మనవాళ్లెవరూ పూర్తిపేరుతో పిలవరు. ఇరుకు వరండాలు, అటూ ఇటూ గాజు కౌంటర్లు, కీబోర్డు నుంచి సర్వర్ దాకా దొరికే అంతస్తులు. రాయదుర్గం నుంచైతే మెట్రో నేరుగా పారడైజ్‌కి వస్తుంది. కూకట్‌పల్లి వైపు వాళ్లు అమీర్‌పేటలో మారాలి. కరీంనగర్, సిద్దిపేట బస్సుల్లో వచ్చేవాళ్లకి జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి దగ్గరే. బండి తీసుకెళ్లకండి, పార్కింగుకే అరగంట పోతుంది. ఉదయం పదకొండు దాటాక వెళ్లండి, ఆదివారం వద్దు.

దీని అసలు బలం ధర కాదు. ల్యాప్‌టాప్ మీ చేతిలో ఉంటుంది, ర్యామ్ కౌంటర్ మీద ఉంటుంది, పడకపోతే ఐదు నిమిషాల్లో ఇంకోటి తీసి పెడతారు. ఆన్‌లైన్‌లో నాలుగు రోజుల్లో తేలేది ఇక్కడ నిలబడ్డచోటే తేలిపోతుంది.

బలహీనత కూడా అక్కడే ఉంది. ఒకే బ్రాండు, ఒకే 16 జీబీకి మూడు ధరలు వినిపిస్తాయి, మూడూ నిజమే. ‘సీల్డ్ పీస్’ అంటే డబ్బాలో, కంపెనీ వారంటీతో వచ్చేది. ‘ఓఈఎమ్’ అంటే ల్యాప్‌టాప్ కంపెనీలకి సరఫరా అయ్యే విడి ముక్క, డబ్బా ఉండదు, షాపు వారంటీయే. ‘పుల్ అవుట్’ అంటే ఏదో ల్యాప్‌టాప్ నుంచి తీసింది. చిప్పు శాంసంగ్‌దే, హైనిక్స్‌దే కావచ్చు, బాగానే పనిచేయొచ్చు కూడా. కానీ వారంటీ కోసం ఆ కంపెనీ దగ్గరికి మీరు వెళ్లలేరు. దాని పూచీ అంతా వెనక అంటించిన షాపు స్టిక్కరే. నెలలు, సంవత్సరాలు చిన్న అంకెలతో అచ్చేసి ఉంటాయి, పెన్నుతో గీత గీస్తారు. ఆ స్టిక్కర్ చిరిగితే పూచీ పోయినట్టే.

మేం వెళ్లినరోజు మూడు కౌంటర్లు తిరిగాం. రెండోచోట ధర అందరికంటే తక్కువ చెప్పారు. ముక్క చూపించమంటే కవర్లోంచి తీసి ఇచ్చారు. పిల్లని లేబుల్ చదవమన్నాను. 16 జీబీ, పక్కన ‘2ఆర్ ఎక్స్ 8’, ఆపైన పీసీ4తో మొదలయ్యే అంకె. “పిన్నీ, ఇది డీడీఆర్4 కదా, మనది 5” అంది. కౌంటర్‌లో కుర్రాడు నొచ్చుకోకుండా, “సారీ మేడమ్, పక్క ట్రేలోది వచ్చింది” అని లోపల పెట్టేశాడు. అతను మోసం చేశాడని అనను. రద్దీలో జరిగే పొరపాటే. కానీ లేబుల్ చదవకపోతే అది ఇంటికి వచ్చేసేది.

ఆ లేబుల్ మీద చదవాల్సినవి మూడే. సైజు, తరం (పీసీ4 అంటే డీడీఆర్4, పీసీ5 అంటే డీడీఆర్5), తర్వాత ‘1ఆర్ ఎక్స్ 8’ లాంటి గుర్తు. చివర 8 ఉన్నది, 16 ఉన్నదానికంటే కాస్త మెరుగు. 16 అంటే తక్కువ చిప్పులతో చేసింది, వేగంలో కొంత వెనకబడుతుంది. ధర ఒకటే అయితే 8 అడగండి.

మూడో కౌంటర్‌లో సీల్డ్ పీస్ తీసుకున్నాం. బిగించిన అబ్బాయి పని చూసి నాకు ముచ్చటేసింది. పది స్క్రూలు తీసి, అడుగున ఏ మూల ఉన్నది ఆ మూలే వచ్చేలా కాగితం మీద పేర్చాడు, వెనక వైపువి రెండు పొడుగని విడిగా పెట్టాడు. గిటార్ మీటే బిళ్లలాంటి ప్లాస్టిక్ ముక్కతో అంచు వెంట నెమ్మదిగా విప్పాడు. ర్యామ్ జోలికి వెళ్లేముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాడు. మీరు ఎక్కడ వేయించినా ఈ చివరి పని చేస్తున్నారో లేదో చూడండి. చేయకపోతే ఆపి అడగండి, మొహమాటం వద్దు.

బిల్లు తీసుకునేటప్పుడు షాపు జీఎస్టీ నంబరు, ర్యామ్ సీరియల్ నంబరు రెండూ అందులో ఉన్నాయో లేదో చూడండి. ‘వితౌట్ బిల్ రేటు’ అన్నమాట వినపడితే నా ఎనిమిది నెలల కథ గుర్తు తెచ్చుకోండి.

ఆన్‌లైన్

అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ ఒక రకం. ఎండీ కంప్యూటర్స్, ప్రైమ్ ఏబీజీబీ లాంటి కంప్యూటర్ సామాన్ల సైట్లు ఇంకో రకం. మొదటి రకంలో పేజీ పేరు ఏదైనా అమ్మేది ఎవరో వేరే సెల్లర్. ఆ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, అక్కడ నొక్కి చూడండి. రెండో రకంలో అమ్మేది వాళ్లే. ఇలాంటి వస్తువుకి నేను రెండో రకాన్నే నమ్ముతాను.

రిటర్న్ నిబంధన కొనేముందే చదవాలి. చాలా లిస్టింగుల్లో డబ్బు వాపసు ఉండదు, చెడిపోతే అదే వస్తువు మార్చి ఇస్తారు. అంటే మీరు పొరపాటున డీడీఆర్4 తెప్పించుకుంటే దాని బదులు ఇంకో డీడీఆర్4 వస్తుంది. డెస్క్‌టాప్ ర్యామ్, ల్యాప్‌టాప్ ర్యామ్ పక్కపక్కనే చూపిస్తారు కాబట్టి ‘ఎస్ఓడిమ్’ అన్న మాట ఉందో లేదో చూసుకోండి. పార్సెల్ విప్పేటప్పుడు లేబుల్ కనిపించేలా వీడియో తీయండి.

ఒక బ్రాండు గురించి చెప్పాలి. ల్యాప్‌టాప్ ర్యామ్ అనగానే చాలామంది వెతికే క్రూషియల్, మైక్రాన్ వాళ్లది. మన హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ సెంటర్ ఉన్న మైక్రానే. మామూలు వినియోగదారులకి క్రూషియల్ పేరుతో అమ్మడం మానేస్తామని, 2026 ఫిబ్రవరి దాకా సరుకు పంపి ఆపుతామని 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. ఇప్పటికే కొన్నవాటికి వారంటీ సేవ కొనసాగుతుందని చెప్పింది. మిగిలిన సరుకు బిల్లుతో దొరికితే కొనడానికి నేను వెనకాడను. లేదంటే కింగ్‌స్టన్ ఉంది.

సెకండ్ హ్యాండ్

ర్యామ్ తొందరగా అరిగిపోయే వస్తువు కాదు కాబట్టి తెలిసినవాళ్ల దగ్గర కొనొచ్చు. తెలియనివాళ్ల దగ్గర కొనాలంటే మీ ల్యాప్‌టాప్‌లో పెట్టి, ర్యామ్‌లో తప్పులు వెతికే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ ఒక పూర్తి రౌండు తిప్పనిస్తేనే డబ్బివ్వండి. కొత్త ల్యాప్‌టాప్‌కైతే నేను సలహా ఇవ్వను.

పక్కపక్కన పెట్టి చూస్తే

| ఎక్కడ | పడకపోతే | వారంటీ | బిగించేది | ధర |
|---|---|---|---|---|
| పెద్ద మోడల్ కొనడం | ఆ సమస్యే లేదు | మొత్తానికి ఒకటే | ఫ్యాక్టరీ | తేడా లెక్కేయాలి |
| సర్వీస్ సెంటర్ | వాళ్లదే బాధ్యత | కంపెనీది | వాళ్లే | అన్నిటికంటే ఎక్కువ |
| సీటీసీ, సీల్డ్ పీస్ | అక్కడికక్కడే మార్పు | ర్యామ్ కంపెనీది | షాపులోనే, మీ ముందే | బేరమాడొచ్చు |
| సీటీసీ, ఓఈఎమ్ | అక్కడికక్కడే మార్పు | షాపు స్టిక్కర్ | షాపులోనే | తక్కువ |
| ఆన్‌లైన్ | నిబంధనను బట్టి | ర్యామ్ కంపెనీది | మీరే | రోజుకో రకం |
| సెకండ్ హ్యాండ్ | లేదు | సాధారణంగా ఉండదు | మీరే | తక్కువ |

ఎవరికి ఏది

కాలేజీ పిల్లలకి, మొదటిసారి వేయిస్తున్నవాళ్లకి సీటీసీలో సీల్డ్ పీసే నా సలహా. ఒక పూట పోతుంది, రెండొందలో మూడొందలో ఎక్కువవుతాయేమో, కానీ నడుస్తున్న మెషీన్‌తో ఇంటికొస్తారు. బిగించడానికి విడిగా తీసుకుంటారా అని ముందే అడగండి, కొన్నచోటే అయితే చాలామంది ఊరికే బిగిస్తారు.

గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు ఉండి, శనివారం తప్ప ఖాళీ లేనివాళ్లు, స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చినవాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. మోడల్ మాన్యువల్ చదివి, ఇప్పుడున్న ముక్క లేబుల్ ఫోటో తీసి, దానికి సరిపోయేదే ఎంచుకోండి. రెండు స్లాట్లూ మారుస్తుంటే ఒకే ప్యాక్‌లో వచ్చే జత తీసుకోవడం మేలు.

సొంత వ్యాపారం, ఆడిటింగ్, డిజైన్ పని చేసేవాళ్లు, ఒకపూట మెషీన్ ఆగితే నష్టపోయేవాళ్లు సర్వీస్ సెంటర్ ధరని ఖర్చులో ఖర్చుగా రాసుకోండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే మీ నంబరు మీద బిల్లు అడగండి. ఆఫీసువాళ్లు ఇచ్చిన ల్యాప్‌టాప్‌ని మాత్రం ఎవరూ విప్పొద్దు. ఐటీ వాళ్లకి మెయిల్ పెట్టండి, ర్యామ్ వాళ్లే వేస్తారు.

బిల్లు ఉండి కూడా అమ్మినవాళ్లు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, ఆన్‌లైన్ సెల్లర్లకీ ఇది వర్తిస్తుంది. వాళ్లు మొదట అడిగేది బిల్లే.

బిగించాక

డీడీఆర్5 మెషీన్‌లో కొత్త ర్యామ్ పెట్టి మొదటిసారి ఆన్ చేస్తే తెర నల్లగా ఉండిపోతుంది. ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, ఇంకేమీ ఉండదు. కొత్త మెమరీని సర్దుకోవడానికి మెషీన్ తీసుకునే సమయమది, ఒక్కోసారి కొన్ని నిమిషాలు. ఈలోగా కంగారుపడి పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయకండి. ఆరోజు కౌంటర్ దగ్గర మా పిల్ల మొహం పాలిపోయింది. “పోయింది పిన్నీ” అని నా చెయ్యి పట్టుకుంది. కుర్రాడు, “కూర్చోండి మేడమ్, టైమ్ పడుతుంది” అని పక్క బేరం చూసుకున్నాడు. నిమిషంన్నర తర్వాత లోగో వచ్చింది. టాస్క్ మేనేజర్‌లో 24 జీబీ కనపడ్డాకే డబ్బిచ్చాం.

ఆ రాత్రి ఇంట్లో మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో వేసి తెల్లారేదాకా తిప్పమన్నాను. తప్పులేవీ రాలేదు. ర్యామ్ వచ్చిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలో బిల్లు మడిచి పెట్టి, బిల్లు ఫోటో నాకూ పంపింది. థర్మల్ కాగితం మీద అచ్చు ఏడాదికే వెలిసిపోతుంది, అందుకే ఫోటో.